కూలి డబ్బే పేరైన మనిషి

మహబూబాబాద్ జిల్లా కేసముద్రం మార్కెట్‌ యార్డులో సరుకు అమ్ముకున్న రైతుకు అడ్తిదారు ఒక చిన్న కాగితం రాసిస్తాడు. దాన్ని తక్‌పట్టీ అంటారు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, క్వింటాకు ఏ ధర పలికింది, మొత్తం ఎంతయింది అనేవి పైన ఉంటాయి. కింద కోతలు. ఆ కోతల్లో ‘హమాలీ’ అని ఒక పద్దు. కాగితం మీద అది పైసల లెక్క. తలెత్తి చూస్తే అదే పేరున్న మనిషి మెడ మీద బస్తాతో, లారీకి వాల్చిన చెక్క మీద అడుగు తడబడకుండా ఎక్కిపోతుంటాడు. యార్డులో ‘హమాలీ ఎటుపోయిండు?’ అంటే మనిషి గురించి అడిగినట్టు. ‘హమాలీ ఎంతయింది?’ అంటే డబ్బు గురించి. రెండు ప్రశ్నలూ ఒకే నోట, ఒకే నిమిషంలో వస్తాయి. ఎవరికీ తికమక ఉండదు.

తికమక లేనంత మాత్రాన అది చిన్న విషయం కాదు. ఒక మనిషికీ అతని కూలికీ ఒకటే పేరు ఎలా వచ్చింది? ఆ పేరుతో పిలిచే మనిషిని ఏ రిజిస్టరూ ఉద్యోగిగా ఎందుకు రాసుకోలేదు? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఈ ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. ఉమ్మడి వరంగల్ నుంచి 2016 అక్టోబర్ 11న విడివడిన ఈ మూడింటిలో ఒకటి వెట్టి మీద తిరగబడ్డ నేల, ఒకటి మార్కెట్లూ తండాల నేల, ఒకటి బొగ్గుబాయిల నేల. మోత పని చరిత్ర ఈ మూడింటి మధ్యే తిరుగుతుంది.

ముందు మాట పుట్టుక. అరబ్బీలో ‘హమ్మాల్’ అంటే బరువులు మోసేవాడు. మోయడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన మాట అది. ఉర్దూలో గర్భిణిని ‘హామిలా’ అంటారు, అంటే మోస్తున్నది. అదీ ఆ ధాతువు నుంచి పుట్టిందే. సింద్‌బాద్ యాత్రలు చదివినవాళ్లందరికీ నావికుడు గుర్తుంటాడు. కాని అరబ్బీ కథలో ఇద్దరు సింద్‌బాద్‌లు. ఒకడు ఏడు సముద్రయానాలు చేసి ధనవంతుడైనవాడు, రెండోవాడు బాగ్దాద్ వీధుల్లో మూటలు మోసి అలసిపోయి ఆ ధనవంతుడి వాకిట్లో కూర్చున్నవాడు. ఆ రెండో సింద్‌బాద్ హమ్మాలే. నావికుడు తన కథంతా చెప్పేది అతనికే. తెలుగులోకి వచ్చేసరికి నావికుడు మిగిలాడు, మోసేవాడు చాలామంది జ్ఞాపకంలోంచి జారిపోయాడు.

అరబ్బీ నుంచి ఫారసీకి, ఫారసీ నుంచి ఉర్దూకు, మరాఠీకి ఆ మాట నడిచింది. తుర్కీలో ఈనాటికీ మోతవాణ్ణి ‘హమాల్’ అనే అంటారు. ఉర్దూలో హమ్మాల్ అంటే మనిషి, హమ్మాలీ అంటే అతని పని లేదా ఆ పనికిచ్చే డబ్బు. నౌకర్‌కు నౌకరీ, మజ్దూర్‌కు మజ్దూరీ ఎలాగో ఇదీ అలాగే. మరాఠీలోనూ మనిషి హమాలే, కూలి హమాలీ. తెలంగాణలో ఆ తేడా చెరిగిపోయింది. ఇక్కడ మనిషే హమాలీ అయ్యాడు. బహువచనం ‘హమాలీలు’ అయింది. మనిషిని పిలవాల్సిన మాట పక్కకు జరిగి, అతనికి చెల్లించాల్సిన డబ్బు పేరు అతని పేరై కూర్చుంది.

ఇది భాషలో ఒకే ఒక్కసారి జరిగిన పొరపాటని కొట్టిపారేయడానికి లేదు. ‘కూలి’ విషయంలోనూ అచ్చం ఇదే జరిగింది. కూలి అంటే మొదట పనికిచ్చే ప్రతిఫలం మాత్రమే. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం అన్నిటిలోనూ ఈ మాటకు ఆ అర్థమే మూలం. తిరుక్కురళ్‌లోనూ ఈ మాట ప్రతిఫలమనే అర్థంలోనే వాడారు. పని చేసేవాణ్ణి కూలివాడు అనేవాళ్లు, కూలిమనిషి అనేవాళ్లు. రాను రాను ‘వాడు’ రాలిపోయింది, ‘మనిషి’ రాలిపోయింది, కూలీ మిగిలాడు. ఇంగ్లీషు వాళ్ల ‘కూలీ’ దక్షిణాది భాషల నుంచే వెళ్లిందని చాలామంది అంటారు, గుజరాత్‌లోని కోలీల పేరు నుంచి వచ్చిందనే వాదమూ ఉంది. ఎలా వెళ్లినా, ఆ పేరు కిందే పందొమ్మిదో శతాబ్దంలో తెలుగువాళ్లు మారిషస్‌కూ బర్మాకూ నటాల్‌కూ ఓడలెక్కారు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడలో డర్బన్ రేవులో దిగినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. దక్షిణాఫ్రికాలో నేడు ఆ మాట అంటే తిట్టినట్టే లెక్క. మన ఊళ్లలో మాత్రం ‘రేపు కూలికి పోవాలె’ అని తలెత్తుకునే చెప్పుకుంటారు. ఒకే మాట ఒక చోట గాయం, ఒక చోట బతుకుదెరువు.

తెలుగునాట అంతటా ఈ పనికి ఒకే పేరు లేదు. కోస్తా మార్కెట్లలో, రేవుల్లో ‘ముఠా కూలీలు’ అంటారు, ‘జట్టు కూలీలు’ అంటారు. విశాఖ వైపు ‘కళాసీ’ వినిపిస్తుంది. ముఠా అన్నా జట్టు అన్నా గుంపుగా పని పట్టుకుని, వచ్చిన డబ్బును గుంపుగా పంచుకునే పద్ధతి. 1993లో వచ్చిన ‘ముఠా మేస్త్రి’ సినిమా పేరు ఆ పద్ధతి నుంచి పుట్టిందే. తెలంగాణకు హమాలీ ఎందుకు అంటుకుంది అంటే, ఇక్కడి మార్కెట్‌ భాష అంతా ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో కుదిరింది కాబట్టి. హైదరాబాద్ వ్యవసాయ మార్కెట్ల చట్టం 1339 ఫస్లీలో, అంటే 1930లో వచ్చింది. యార్డులో చెవిన పడే మాటలు చూడండి. సరుకు కొనేవాడు ఖరీదుదారు. మధ్యవర్తి అడ్తిదారు. తూకం వేసేవాడు దడ్వాయి. లెక్కలు రాసేవాడు గుమస్తా. సరుకు కట్టింది బస్తా. ఇన్ని పరాయి మాటల మధ్య ఒక సంగతి ముచ్చటగా అనిపిస్తుంది. గోదాం అనే మాట మలయా ద్వీపాల నుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతూనే, అక్కడికి అది దక్షిణ భారతం నుంచి, తమిళ ‘కిడంగు’ లేదా తెలుగు ‘గిడ్డంగి’ నుంచి వెళ్లి ఉంటుందని కూడా రాస్తాయి. ఇంటి మాట ఓడెక్కి వెళ్లి వేషం మార్చుకుని తిరిగొచ్చిందన్నమాట.

హమాలీకి అచ్చ తెలుగు మాట లేదా? మోత ఉంది, మోతగాడు ఉన్నాడు, కావడి మోసేవాడున్నాడు. పల్లకి మోసే బోయీ ఉన్నాడు. ఇంగ్లీషువాళ్లు పల్లకి మోసేవాణ్ణి ‘బాయ్’ అని పిలవడానికి ఈ బోయీ మాటే కారణమని హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెబుతుంది. పల్లకి మాట వచ్చింది కాబట్టి జనగామ పోవాలి.

నిజాం కాలంలో ఆ ప్రాంతంలో మోతకు కూలి అడిగే హక్కు లేదు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి లాంటి దొరల ఏలుబడిలో బోయలూ బెస్తలూ దొర ఇంటివాళ్లను మేనాలో ఎక్కించుకుని భుజాల మీద మోసేవాళ్లు. మిగతా కులాలకూ ఎవరి వెట్టి వాళ్లకు ఉండేది. కుండలు, చెప్పులు, కల్లు, బట్టలుతకడం, ఉత్తరం పట్టుకుని పరుగెత్తడం, అన్నీ ఉత్త పుణ్యానికే. వెట్టి అనే మాట సంస్కృతంలోని ‘విష్టి’ నుంచి వచ్చింది. కూలి ఇవ్వకుండా చేయించుకునే పని అని దాని అర్థం. అంటే రాజులు ప్రజల శ్రమను ఊరికే తీసుకోవడానికి వేల ఏళ్ల కిందే ఒక పేరుంది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణలో ‘బేగార్’ను నిషేధించిందంటే, ఆనాటికి ఆ రోగం ఎంత ముదిరిందో తెలుస్తుంది.

ఈ వెలుగులో చూస్తే హమాలీ, కూలీ అనే పేర్లకు ఇంకో ముఖం కనిపిస్తుంది. మోసినందుకు డబ్బు ఇవ్వాల్సిందే అన్న మాట ఆ పేర్లలోనే ఉంది. వెట్టివాడికి ఆ మాట లేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు చేసిన భూమిలో పంటను దొర మనుషులు ఎత్తుకుపోవాలని చూసినప్పుడు ఆంధ్ర మహాసభ కార్యకర్తలు ఆ పంట కోసి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. తెలంగాణ చరిత్రలో అంతకన్నా విలువైన మోత లేదంటే అతిశయోక్తి కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దొర గూండాల తూటాకు నేలకొరిగాడు. ఆ రెండు ఊళ్లూ నేటి జనగామ జిల్లాలోనివే. వెట్టి బంద్ కావాలి, చేసిన పనికి కూలి ఇవ్వాలి అన్నది తెలంగాణ రైతాంగ పోరాటపు మొదటి డిమాండ్లలో ఒకటి. కాబట్టి కూలి డబ్బు పేరుతో పిలిపించుకోవడం ఇక్కడివాళ్లకు చిన్నతనం కాదు, గెలుచుకున్నది. చిక్కేమిటంటే గెలుపు అక్కడే ఆగిపోయింది. కూలి వచ్చింది. దాని వెంట రావాల్సినవి రాలేదు.

మహబూబాబాద్ వైపు వెళ్తే మోతకు ఇంకా పాత చరిత్ర ఉంది. ఈ జిల్లా నిండా పరుచుకున్న తండాల్లో ఉంటున్న లంబాడాల పూర్వీకులు దేశంలోకెల్లా పెద్ద రవాణాదారులు. వేల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కను అంతా తిరిగారు. సైన్యాలకు తిండి చేర్చారు. బరువుకు హిందుస్తానీలో ‘లాద్’ అనే మాట ఉంది, ఆ సంచార వ్యాపారాన్ని బంజారాలు ‘లదేణి’ అనేవాళ్లు. లంబాడీ అనే పేరే ఉప్పుకు సంస్కృత పదమైన ‘లవణం’ నుంచి వచ్చిందనే వాదన కూడా ఉంది. రైలు వచ్చి ఆ వ్యాపారాన్ని తుడిచేసింది. సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు, అక్కడి నుంచి డోర్నకల్ మీదుగా ఇల్లెందు బొగ్గుకు, 1889 నాటికి బెజవాడకు నిజాం రైలు పట్టాలు పరుచుకున్నాయి. జనగామ, కేసముద్రం, మహబూబాబాద్, డోర్నకల్ స్టేషన్లు ఆ దారిలోవే. స్టేషన్ ఉన్న ఊళ్లో మార్కెట్ పెరిగింది, మార్కెట్ ఉన్న చోట హమాలీ చేరాడు. సొంత ఎడ్లతో దేశాన్ని మోసినవాళ్ల మనవళ్లలో కొందరు ఇప్పుడు అదే దారిలో పరాయి బస్తాలు మోస్తున్నారు. వృత్తి పోతే మనిషి ఏమవుతాడనే దానికి ఇంతకన్నా కళ్లెదుటి ఉదాహరణ అక్కర్లేదు.

ఇక పని సంగతి. మిర్చి సీజన్‌లో యార్డు తెల్లవారకముందే నిండుతుంది. ట్రాలీల నుంచి బస్తాలు దించి వరుస పెట్టాలి, దీన్ని దిగుమతి అంటారు. ఖరీదుదార్లు వచ్చి బస్తా మూతి విప్పి, కాయ విరిచి, రంగు చూసి ధర కడతారు. ధర కుదిరాక కాంటా. బస్తాను కాంటా మీదికి ఎత్తాలి, దించాలి. దబ్బనంతో సుతిలి లాగి మూతి కుట్టాలి. మళ్లీ లారీకెత్తాలి, అది ఎగుమతి. వరి అయితే రాశి పోయడం, తూర్పార పట్టడం, గోనెల్లోకి నింపడం అదనం. ఒక బస్తా రైతు ట్రాలీ నుంచి వ్యాపారి లారీకి చేరేలోపు హమాలీ చేతుల్లోంచి మూడు నాలుగు సార్లు పోతుంది. మిర్చి ఘాటుకు ముక్కులు మండుతాయి, కళ్లు కారుతాయి, తువ్వాలను మూతికి చుట్టుకున్నా దగ్గు ఆగదు. బస్తా ఎత్తడంలో ఉన్న ఒడుపు చూసి తీరాలి. ఇద్దరు చెరో కొసా పట్టి ఊపి లేపుతారు, మూడోవాడు సరిగ్గా ఆ ఊపు మీద మెడ వంచి కిందికి దూరతాడు. అర సెకను అటూఇటూ అయితే నడుమో మెడో పోతుంది. ఆ విద్య ఏ ఐటీఐలోనూ నేర్పరు, పాతవాడి పక్కన నిలబడి కొత్తవాడు నేర్చుకోవాల్సిందే.

లెక్క వేసి చూద్దాం. కొనుగోలు కేంద్రంలో ధాన్యం గోనె 40 కిలోలు. 20 టన్నుల లారీ నింపాలంటే 500 గోనెలు. పదిమంది జట్టు అయితే తలా 50 గోనెలు, అంటే ఒక్క లారీకి ఒక్క మనిషి మెడ మీదుగా రెండు టన్నులు. సీజన్‌లో రోజుకు ఒక్క లారీతో పని అయిపోదు. ఒకప్పుడు క్వింటా బస్తాలే ఉండేవి. ఇప్పుడు సర్కారు బియ్యం గోనె 50 కిలోలకు దిగింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే పెద్దవాడైన మగ కార్మికుడు ఒక్కసారికి 55 కిలోలకు మించి మోయకుండా చూడాలని సిఫారసు చేసింది. బరువు తగ్గడం మంచిదే. కాని కూలి బస్తా లెక్కనో క్వింటా లెక్కనో ఉన్నంత కాలం, తేలికైన బస్తా అంటే ఎక్కువ బస్తాలనే అర్థం. నడుము వంగిన రోజు ఆదాయం ఆగుతుంది. వాన పడి యార్డు మూసిన రోజు ఆగుతుంది. ఎండాకాలం వెళ్లి సరుకు తగ్గితే ఆగుతుంది.

యజమాని ఎవరు? ఇక్కడే ముడి ఉంది. మార్కెట్ కమిటీ లైసెన్స్ ఇస్తుంది, జీతం ఇవ్వదు. అడ్తిదారు పని చెబుతాడు, ‘నా నౌకరు కాదు’ అంటాడు. దించే కూలి రైతు పట్టీలో కోత పడుతుంది, రైతు సరుకు అమ్ముకుని వెళ్లిపోతాడు. ఎత్తే కూలి ఖరీదుదారు ఖాతాలో పడుతుంది, అతను రేపు ఇంకో యార్డులో కొంటాడు. అందరూ డబ్బు ఇస్తున్నారు, ఎవరూ యజమాని కారు. భవిష్యనిధి ఎవరు కట్టాలి, కాలు విరిగితే ఎవరు చూసుకోవాలి అని అడిగితే వేళ్లు ఒకదాని వైపు ఒకటి తిరుగుతాయి.

2024 ఏప్రిల్‌లో జనగామ మార్కెట్లో ధాన్యానికి మద్దతు ధర ఇవ్వడం లేదని రైతులు ఆందోళన చేస్తే రాష్ట్రమంతా వార్త అయింది, అధికారులు వ్యాపారుల మీద కేసులు పెట్టించారు. చేయాల్సిన పనే చేశారు. ఆ వార్తల నిండా రైతు, ఖరీదుదారు, అధికారి ఉన్నారు. కాంటా పక్కన నిలబడ్డ నాలుగో మనిషి లేడు. ధర పడిపోయిన రోజు అతని కూలి పడిపోదు, నిజమే. కాని యార్డు బంద్ అయిన ప్రతి రోజూ అతని పొయ్యి మీద ప్రభావం పడుతుంది. ఏ చర్చలోనూ అతనికి కుర్చీ వేయరు.

భూపాలపల్లికి వస్తే ఇదే ప్రశ్నకు ఇంకో జవాబు ఉంది. సింగరేణివాళ్లు గనిని బాయి అంటారు. కాకతీయ ఖని గనులు, పొట్టిగా కేటీకే, ఈ పట్నాన్ని పట్నం చేశాయి. సింగరేణిలో యంత్రాలు దిగకముందు బాయిలో బొగ్గు ఎత్తినవాడు కోల్ ఫిల్లర్. తట్టా, చెమ్మస్ అనే పారా అతని ఆయుధాలు. పేలిన బొగ్గును తట్టకెత్తి, మోసి, టబ్బులో పోయాలి. టబ్బుల లెక్కన కూలి. అంటే అది కూడా పీస్ రేటు పనే. శారీరకంగా చూస్తే ఫిల్లర్‌కూ హమాలీకీ తేడా ఒక్కటే, ఒకడు చీకట్లో మోశాడు, ఒకడు వెలుతురులో. బతుకులో మాత్రం ఎంతో తేడా. ఫిల్లర్‌కు మస్టర్, అంటే హాజరు పుస్తకంలో పేరు, ఉంది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలు ఉన్నాయి. బొగ్గు గనుల భవిష్యనిధి ఉంది, గ్రాట్యుటీ ఉంది, కంపెనీ దవాఖానా ఉంది. ఏటా లాభాల్లో వాటాను సంఘాలు కంపెనీతో కొట్లాడి తెచ్చుకుంటాయి. రోజూ పని గ్యారెంటీ లేని బదిలీ ఫిల్లర్‌కు కూడా ఏదో ఒక రోజు పర్మనెంట్ అవుతానన్న దారి కనిపించేది. ఇవన్నీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. సమ్మెలు చేసి, జైళ్లకు పోయి, ప్రాణాలు పోగొట్టుకుని తెచ్చుకున్నవి. ఈనాడు సింగరేణిలోనే కాంట్రాక్టు కార్మికులు ఆ రక్షణల కోసం మళ్లీ మొదటి నుంచి కొట్లాడాల్సి రావడం వేరే విషాదం.

ఒకే జిల్లాలో, ఒక తమ్ముడు బాయిలో బొగ్గు మోసి పింఛను తీసుకుంటాడు, ఒక అన్న మిల్లు దగ్గర బియ్యం మోసి అరవై దాటాక ఖాళీ చేతులతో ఇంట్లో కూర్చుంటాడు. ఇద్దరి మధ్య తేడా బరువులో లేదు, చెమటలో లేదు, నైపుణ్యంలోనూ లేదు. ఒకడి పేరు పుస్తకంలో రాసి ఉంది, ఇంకొకడి పేరు తక్‌పట్టీలో పద్దుగా ఉంది. హమాలీకి మస్టర్ కావాలి. జవాబు అంత సూటిగా ఉంది.

దీనికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఉమ్మడి రాష్ట్రంలోనే 1976లో ముఠా, జట్టు, హమాల్, ఇతర శారీరక శ్రమజీవుల ఉపాధి క్రమబద్ధీకరణ, సంక్షేమ చట్టం చేశారు. కోస్తా మాట, తెలంగాణ మాట పక్కపక్కన చేర్చి రాసిన పేరు అది. చట్టం పుస్తకంలో ఉంది. హమాలీ సంఘాలు మాత్రం సంక్షేమ బోర్డు కావాలని ఇప్పటికీ ధర్నాలు చేస్తూనే ఉన్నాయి. పక్కనే మహారాష్ట్ర 1969లోనే మాథాడీ, హమాల్ కార్మికుల చట్టం తెచ్చింది. మాథా అంటే తల, తల మీద మోసేవాడు మాథాడీ. ముంబైలో అన్నాసాహెబ్ పాటిల్ కూడగట్టిన కార్మికులు, పుణెలో బాబా ఆఢావ్ నడిపిన హమాల్ పంచాయత్ ఆ దారి వేసినవాళ్లు. ఆ చట్టం కిటుకు చిన్నది. యజమాని ఎవరన్న తగువును పక్కన పెట్టింది. సరుకు మోయించుకున్నవాడు కూలితో పాటు దాని మీద కొంత శాతం లెవీని బోర్డులో కడతాడు. బోర్డు కార్మికుడికి కూలి చెల్లిస్తుంది, లెవీ నుంచి భవిష్యనిధి, బోనస్, వైద్యం చూస్తుంది. వందమంది వ్యాపారుల దగ్గర పని చేసినా కార్మికుడి ఖాతా ఒకటే ఉంటుంది.

కేరళ 1978లో తలమోత కార్మికుల చట్టం చేసింది. దాని మీద ఒక విమర్శ ఉంది, అది చెప్పకపోతే వాదన సగమే అవుతుంది. అక్కడ కొన్ని సంఘాలు తాము మోయకపోయినా, యంత్రంతో దించుకున్నా, పక్కన నిలబడి చూసినందుకు కూలి అడిగేవి. దానికి ‘నోక్కుకూలి’ అని పేరే పడింది, అంటే చూపు కూలి. 2018 మే 1 నుంచి కేరళ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తెలంగాణలో బోర్డు అనగానే వ్యాపారులు ఈ ఉదాహరణే ఎత్తుతారు. చట్టం చేస్తే దుర్వినియోగం ఉండొచ్చు, దాన్ని అరికట్టవచ్చని కేరళే చూపించింది కూడా. భయపడి అసలు చట్టాన్నే అటకెక్కించడం న్యాయం కాదు.

పేరు మారిస్తే గౌరవం వస్తుందని ఇంకొందరు చెబుతారు. రైల్వే ఆ ప్రయోగం చేసింది. 2016 రైల్వే బడ్జెట్‌లో కూలీలను ఇకపై ‘సహాయక్’ అని పిలుస్తామన్నారు. కాజీపేట స్టేషన్‌లో రైలు దిగినవాళ్లలో ఎందరు ఆ పేరుతో పిలుస్తున్నారో అందరికీ తెలిసిందే. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2008లో, ఇదే రైల్వే లైసెన్సు కూలీలను గ్యాంగ్‌మన్‌లుగా తీసుకునే వీలు కల్పించింది. ఎర్ర చొక్కా విప్పి రైల్వే ఉద్యోగులైన కుటుంబాల్లో పిల్లల చదువులు మారిపోయాయి. పేరు మార్చిన ఏడాదికీ, పుస్తకంలో పేరు రాసుకున్న ఏడాదికీ ఉన్న తేడా అది.

అందుకే హమాలీ అనే మాటను మార్చాలని అడగడం వృథా. ఆ మాటకు చరిత్ర ఉంది, సంఘాల జెండాల మీద ఉంది, మేడే ఊరేగింపుల్లో ఉంది. సమస్య ఆ మాట వెనుక ఉన్న ఖాళీ కాలమ్‌లోనే ఉంది.

ఇంకో సంగతి ఈ పనిని వేగంగా మారుస్తోంది. కొన్నేళ్లుగా రైస్ మిల్లుల్లో, కొనుగోలు కేంద్రాల్లో బీహార్ నుంచి వచ్చిన హమాలీలే ఎక్కువ. 2020 మేలో, దేశమంతా వలస కార్మికులు ఇళ్లకు పోవడానికి రోడ్ల మీద నడుస్తున్న రోజుల్లో, బీహార్‌లోని ఖగడియా నుంచి ఒక శ్రామిక్ రైలు ఎదురు దిశలో తెలంగాణకు వచ్చింది. అందులో రెండు వందల మందికి పైగా మిల్లు హమాలీలు. లింగంపల్లి స్టేషన్‌లో ప్రభుత్వమే ఎదురెళ్లి స్వాగతం చెప్పింది. ఆ యాసంగి ధాన్యం కొండల్లా పేరుకుపోయింది, మోసేవాళ్లు లేక మిల్లులు నడవవని సర్కారుకు అర్థమైంది కాబట్టే ఆ స్వాగతం. హమాలీ ఎంత అవసరమో ప్రభుత్వం తనంతట తానే ఒప్పుకున్న రోజు అది. ఉత్తరాదిలో వాళ్లను పల్లేదార్లంటారు, ఇక్కడికొచ్చి హమాలీలయ్యారు. స్థానిక హమాలీకీ వాళ్లకీ మధ్య రేటు తగువులు పెడితే లాభపడేది ఆ ఇద్దరిలో ఎవరూ కాదు. బోర్డు అంటూ వస్తే బీహార్ కార్మికుడి పేరు కూడా అందులో ఉండాలి, లేకపోతే తక్కువ రేటుకు దొరికేవాడు బయటే ఉంటాడు, లోపలున్నవాడికి పని దొరకదు.

డబ్బు ఎక్కడిది అనే ప్రశ్న వస్తుంది. మార్కెట్ కమిటీలు సరుకు విలువలో నూటికి రూపాయి చొప్పున ఖరీదుదారు నుంచి ఫీజు వసూలు చేస్తున్నాయి. వసూలు యంత్రాంగం, గేటు, రసీదు పుస్తకం, ఆన్‌లైన్ లెక్క అన్నీ సిద్ధంగా ఉన్నాయి. హమాలీ కూలి మీద లెవీని అదే రసీదులో ఒక గీత కింద చేర్చవచ్చు. ఆ భారం రైతు పట్టీలోకి జారకుండా, కొనేవాడి ఖాతాలోనే పడేలా నిబంధన రాయాలి. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో కొనేది ప్రభుత్వ సంస్థే కాబట్టి అక్కడ మొదటి లెవీ సర్కారే కట్టి చూపించాలి. కేసముద్రం, జనగామ లాంటి రెండు మూడు యార్డుల్లో ముందు అమలు చేసి, తప్పులు దిద్దుకుని మిగతా చోట్లకు తీసుకుపోవచ్చు. ఇందులో సాధ్యం కానిదేదీ లేదు.

బోర్డు పేర్ల పుస్తకం తెరిచిన రోజు ఒక జాగ్రత్త ముఖ్యం. యార్డులో హమాలీ వెనకాలే చాటా చీపురూ పట్టుకుని నడిచే ఆడవాళ్లుంటారు. వాళ్లను చాట కూలీలంటారు. ఒలికిన గింజ ఊడ్చి, చెరిగి, మట్టి తీసి మళ్లీ రాశిలో పోస్తారు. దించిన చోటల్లా వాళ్ల పని ఉంది, దుమ్మంతా వాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అయినా హమాలీ అనే మాట వాళ్లకు వర్తించదు, హమాలీ రేటూ వర్తించదు. కొన్ని చోట్ల ఊడ్చిన గింజలో కొంత ఇంటికి తీసుకుపోవడమే కూలి కింద లెక్క. మోసే మగవాడికి కూలి పేరన్నా దక్కింది, ఈ ఆడవాళ్లకు చేతిలోని చాట పేరు దక్కింది. రేపు బోర్డు పుస్తకంలో లైసెన్సున్న హమాలీల పేర్లు రాసి మూసేస్తే సగం యార్డు బయటే మిగిలిపోతుంది. సంఘాల నాయకులు ప్రభుత్వానికి ఇచ్చే వినతిపత్రంలో చాట కూలీల సంఖ్య కూడా రాయాలి. మార్కెట్ కార్యదర్శి లైసెన్స్ ఇచ్చేటప్పుడు వాళ్లకూ ఇవ్వాలి. దడ్వాయి కాంటా రాసే పుస్తకంలో ఆ రోజు ఏ రాశి దగ్గర ఎవరు ఊడ్చారో రాయడానికి ఒక గడి చాలు.